ఖాళీ సీసాకు కొత్త కొలువు



ఈవేళ మీతో ముచ్చటించబోయేది ఖాళీ ప్లాస్టిక్ సీసాల సంగతి. "ఓస్, ఇంతేనా!" అనుకోకండి. ఒక్కసారి లేచి వెళ్ళి మీ వంటగట్టు కిందా, బాల్కనీ మూలా, ఫ్రిజ్ వెనకాలా చూసి రండి. ప్రయాణంలో కొన్న మంచినీళ్ళ సీసాలు నాలుగు, పిల్లవాడి పుట్టినరోజునాటి కూల్‌డ్రింకు సీసాలు రెండు, నూనె క్యాను ఒకటి కనిపించకపోతే నన్నడగండి. పారెయ్యడానికి మనసొప్పదు. ఉంచుకుంటే ఏం చెయ్యాలో తోచదు. అలా ఉండిపోతాయి, అంతే.

ఈ మనసొప్పకపోవడం మనకు పుట్టుకతో వచ్చింది. మా అమ్మ హార్లిక్స్ సీసా ఒక్కటి కూడా బయటికి పోనిచ్చేది కాదు. గాజు సీసా కదా, ఒకదాంట్లో మాగాయ, ఇంకొకదాంట్లో ఇంగువ, మరోదాంట్లో పోపుగింజలు. డాల్డా డబ్బాకు అడుగున చిల్లు పెడితే తులసికోట, పెట్టకపోతే నీళ్ళచెంబు. పాత చీర బొంతకు, బొంత చిరిగితే మసిగుడ్డకు. పారెయ్యడమనేది ఆ ఇంట్లో చిట్టచివరి మాట. అయితే ఆనాడు ఇంటికి వచ్చే సీసాలు ఏడాదికి నాలుగో అయిదో. ఈనాడు వారానికి అన్ని. అమ్మ పద్ధతిని ఉన్నదున్నట్టు పట్టుకుంటే మనం బయట పడుకుని సీసాలను ఇంట్లో పడుకోబెట్టాలి!

మేముండేది హైదరాబాదు శివార్లలోని మీర్‌పేటలో. ఒకప్పుడు చెరువులూ పొలాలూ ఉన్న ఊరు. పెద్ద చెరువు, మంత్రాల చెరువు, చందన చెరువు అని పేర్లు ఇప్పటికీ చెప్పుకుంటాం. పొలాలు మాత్రం కాలనీలయ్యాయి. 2019లో జిల్లెలగూడతో కలిపి నగరపాలక సంస్థను చేశారు. ఆ మరుసటేడు, 2020 అక్టోబరులో, హైదరాబాదును ముంచిన వానలకు మావైపు మిథిలానగర్‌లో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. నీరు తీశాక మా వీధి చివర కాలువ జాలీ దగ్గర చూస్తే బురదలో కూరుకుపోయిన సీసాలే సీసాలు. వరద సీసాల వల్ల వచ్చిందని నేననను. చెరువుల దారుల్లో ఇళ్ళు లేవడం వేరే పెద్ద కథ. కాని ఆ జాలీలో ఇరుక్కున్న సీసాల్లో నావి ఎన్ని ఉన్నాయో అని మాత్రం ఆ రోజు అనిపించింది. అప్పటినుంచే ఈ సీసాల పిచ్చి పట్టుకుంది నాకు.

మొదట్లో అందరూ చేసే పొరపాటే నేనూ చేశాను. సీసాలు కోసి పువ్వులు చేశాను, రంగులు వేశాను, అద్దాలూ చెమ్కీలూ అతికించాను. టీవీ పక్కన ఒకటి, దేవుడి గదిలో ఒకటి. వచ్చినవాళ్ళందరూ "అబ్బ, ఎంత బాగున్నాయండీ!" అన్నారు. ఆరు నెలలు గడిచేసరికి దుమ్ము పట్టాయి. తుడిస్తే చెమ్కీ రాలుతుంది, కడిగితే రంగు పోతుంది. చివరికి అన్నీ సంచిలో వేసి పాత సామాన్లవాడిని పిలిచాను. అతను సంచి విప్పి చూసి, "గివి నాకొద్దమ్మా. ఉత్త సీసలైతే తీస్కుంట. రంగులేసినవి, గోందు పెట్టినవి మా సేటు తీస్కోడు" అన్నాడు.

ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఎందుకంటే అతను చెప్పింది నిజం. ఉత్త సీసాకు ఒక దారి ఉంది. దాన్ని నలిపి, కడిగి, ముక్కలు చేసి, కరిగించి దారం తీస్తారు. ఆ దారం పాలియెస్టరే. దిండ్లలో దూది బదులు వేసేదీ, చొక్కాల గుడ్డ నేసేదీ అదే. 2015లో మన క్రికెట్ జట్టుకు కుట్టిన దుస్తులను ఇలాంటి దారంతోనే చేశారు. చొక్కా, ప్యాంటు కలిపి ఒక్కో ఆటగాడి జతకు సగటున 33 సీసాలు పట్టాయని ఆ దుస్తులు చేసిన నైకీ కంపెనీవారు చెప్పారు. మరి నేనేం చేశాను? ఆటగాడి ఒంటి మీదికి వెళ్ళవలసిన సీసాను రంగు పూసి ఎటూ కాకుండా చేశాను. అందంగా చేశానని మురిసిపోయాను కూడాను.

అందుకని ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. సీసాను కోసేముందు, "ఇది చేస్తే నేను కొనవలసిన వస్తువేదైనా తప్పుతుందా? నీళ్ళో డబ్బో మిగులుతుందా?" అని అడుగుతాను. అవునంటే కత్తెర తీస్తాను. కాదంటే నలిపి సంచిలో వేస్తాను. రంగులు, గోందు మాత్రం పూర్తిగా మానేశాను. అప్పుడు దాని పని అయిపోయిన తర్వాత కూడా పాత సామాన్లవాడు కాదనడు.

ఇక సీసాల రకాలు చూద్దాం. సీసా తిప్పి అడుగు చూడండి. బాణాలతో చేసిన త్రికోణం, దాని లోపల ఒక అంకె ఉంటుంది. అమెరికాలో 1988లో మొదలైన గుర్తులివి, ఇప్పుడు అంతటా ఉన్నాయి. మంచినీళ్ళ సీసా, కూల్‌డ్రింకు సీసా అద్దంలా కనిపిస్తాయి కదా, వాటికి 1 ఉంటుంది. పాలలాగా తెల్లగా, మందంగా ఉండే క్యాన్లకు, షాంపూ డబ్బాలకు సాధారణంగా 2 ఉంటుంది. మనకు కావలసిందల్లా ఇంతే: 1వ రకం వేడికి ఆగదు. సుమారు 70 డిగ్రీల వేడికే మెత్తబడి ముడుచుకుపోతుంది. కాబట్టి అందులో వేడివేడి చారూ, కాఫీ పొయ్యకండి. మరిగిన నీళ్ళతో కడగకండి. 2వ రకం కాస్త గట్టిది, మొండిపనులకు అదే మేలు.

కూల్‌డ్రింకు సీసా అడుగున అయిదు రేకుల పువ్వులాగా ఉంటుంది, గమనించారా? అది అందానికి కాదు. లోపలి గ్యాసు ఒత్తిడికి అడుగు ఉబ్బి సీసా దొర్లిపోకుండా ఆ ఆకారం. గ్యాసు కోసం చేసినది గనుక గోడలు కూడా మందం. అందుచేత కోసి చేసే వస్తువులకు కూల్‌డ్రింకు సీసాలే మంచివి. మంచినీళ్ళ సీసాలు ఈమధ్య మరీ పల్చగా వస్తున్నాయి, కోస్తే చేతిలో నలిగిపోతాయి.

ఈ సీసా పుట్టుక కథ కూడా సరదాగా ఉంటుంది. ఈ ప్లాస్టిక్‌ను 1941లోనే ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కనిపెట్టారు, కాని బట్టల దారం కోసం. అంటే మనం కట్టే పాలియెస్టరు చీర, మనం తాగే నీళ్ళ సీసా అక్కచెల్లెళ్ళన్నమాట! తర్వాత అమెరికాలో డ్యుపాంట్ కంపెనీలో నథానియెల్ వైత్ అనే ఇంజనీరుకు, కూల్‌డ్రింకును ప్లాస్టిక్ సీసాలో ఎందుకు పొయ్యకూడదని సందేహం వచ్చింది. ఆయన ఏం చేశాడంటే, ఖాళీ అయిన సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసాలో అల్లం సోడా నింపి ఫ్రిజ్‌లో పెట్టాడు. పొద్దున్న చూస్తే సీసా ఉబ్బిపోయి అరల మధ్య ఇరుక్కుపోయింది. ఇంతకన్నా గట్టిది కావాలని ఏళ్ళ తరబడి తంటాలు పడి 1973లో ఈ సీసాకు పేటెంటు తీసుకున్నాడు. చూశారా, దీని కథ మొదలైందే పాత సీసాను మళ్ళీ వాడుకోవడంతో. మన దేశంలో బిస్లరీ నీళ్ళు 1965లో బొంబాయిలో వచ్చినప్పుడు గాజు సీసాల్లోనే అమ్మేవారు. ప్లాస్టిక్ తర్వాతి మాట.

సరే, పనిలోకి వద్దాం. ముందు కడగడం. నూనె సీసాలోకి చెయ్యి దూరదు. చారెడు నూకలు, కాసిని గోరువెచ్చని నీళ్ళు, ఒక చెంచా గిన్నెలు తోమే సబ్బు వేసి మూత బిగించి, పెరుగు చిలికినట్టు బాగా గిలకొట్టండి. నూకలే బ్రష్షులాగా తోముతాయి. రెండుసార్లు చేస్తే జిడ్డు పోతుంది. అంటించిన కాగితం ఊడకపోతే గోళ్ళతో గీకకండి. దాని మీద కొబ్బరినూనె రాసి గంటసేపు వదిలేస్తే జిగురు మెత్తబడుతుంది.

తర్వాత కోయడం. చాలామంది మూత తీసి కోస్తారు. అలా కాదు, మూత బిగించి కొయ్యండి. లోపల గాలి ఉండి సీసా అణగదు, మొదటి గాటు తేలికగా పడుతుంది. సీసాకు రబ్బరు బ్యాండు తొడిగి దాని వెంట పెన్నుతో గీత గీస్తే కోత వంకర పోదు. కోసిన అంచు చాలా పదును, చేతులు తెగుతాయి. ఇస్త్రీపెట్టెను తక్కువ వేడిలో ఉంచి, మధ్యలో ఒక కాగితం అడ్డు పెట్టి, కోసిన అంచును దాని మీద రెండు క్షణాలు ఆనించండి. అంచు లోపలికి ముడుచుకుని గుండ్రంగా నున్నగా అవుతుంది. కిటికీ తీసి ఉంచండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

ఇలా కోసినవాటిలో నాకు బాగా పనికొచ్చింది నూనె క్యాను. చేతిపిడి ఉన్న అయిదు లీటర్ల క్యానును మూత బిగించే ఉంచి, పిడి చేతిలోకి వచ్చేటట్టు పట్టుకుని, అడుగు పక్కనుంచి ఏటవాలుగా కొయ్యండి. గోధుమపిండి, బియ్యం తోడుకోవడానికి ఇంతకన్నా మంచి దొప్ప బజారులో దొరకదు. కాస్త వెడల్పుగా కోస్తే చెత్త ఎత్తే చేట. పైన మిగిలిన ముక్కలు కోస్తే కుండీల్లో మొక్కల పేర్లు రాసి గుచ్చుకునే చీటీలవుతాయి. కూల్‌డ్రింకు సీసా పైభాగం కోసి తలకిందులు చేస్తే గరాటు. ఇది అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

ఇంకొకటి మా ఎదురింటి కోడలుపిల్ల నేర్పింది. కందిపప్పు, రవ్వ కవర్లు విప్పాక రబ్బరు బ్యాండు వేస్తాం, అది తెగుతుంది, చీమలు పడతాయి. సీసా మెడను, మూత కింద రెండు వేళ్ళ మేర వదిలి, కోసి ఉంచుకోండి. కవరు మూతిని ఆ మెడలోంచి పైకి లాగి, అంచులు బయటికి మడిచి, పైన మూత తిప్పండి. కవరుకే మూత వచ్చేసింది! పోసుకోవడానికి ధార కూడా సన్నగా పడుతుంది. నా వంటింట్లో ఇప్పుడు ఇలాంటివి ఏడున్నాయి.

నీళ్ళ విషయంలో సీసా చేసే మేలు వేరే. మావైపు ఎండాకాలంలో బోర్లు ఎండితే ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు మీకు తెలియనివి కావు. మన ఇళ్ళలో పాత రకం ఫ్లష్ ట్యాంకులు పది లీటర్లవి చాలా ఉన్నాయి. లీటరు సీసాలో గుప్పెడు గులకరాళ్ళు వేసి, నిండా నీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి ఆ ట్యాంకులో ఒక మూల నిలబెట్టండి. లోపల తేలే బంతికి, గొలుసుకు తగలకూడదు. అంతే, ప్రతిసారీ ఒక లీటరు మిగులుతుంది. ఇంట్లో అయిదుగురు, మనిషి రోజుకు అయిదుసార్లు అనుకుంటే రోజుకు 25 లీటర్లు. ఏడాదికి 9,125 లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకరు లెక్కన ఇంచుమించు రెండు ట్యాంకర్లు! ఒక్క ఖాళీ సీసా చేసే పని ఇది. కొందరు ఇటుక పెడతారు, అది నీళ్ళలో నాని పొడి రాలి లోపలి రబ్బర్లను పాడుచేస్తుంది. కొత్తగా వచ్చే రెండు మీటల చిన్న ట్యాంకులకు మాత్రం ఈ పని చెయ్యకండి. వాటిలో నీళ్ళే తక్కువ, ఇంకా తగ్గిస్తే రెండుసార్లు నొక్కవలసి వస్తుంది.

మొక్కల సంగతి. సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళి వచ్చేసరికి కరివేపాకు కుండీ వాడిపోయి ఉంటుంది. సీసా మూతకు కాల్చిన సూదితో సన్నని బెజ్జం చెయ్యండి. లోపల మూత దగ్గర కాస్త కొబ్బరిపీచు పెట్టండి, లేకపోతే మట్టి అడ్డుపడుతుంది. సీసా అడుగున గాలి కోసం ఇంకొక బెజ్జం. నీళ్ళు నింపి తలకిందులుగా మట్టిలో గుచ్చండి. ఎంతసేపు వస్తుందంటారా? ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించేటప్పుడు చూశారుగా, సుమారు ఇరవై చుక్కలైతే ఒక మిల్లీలీటరు. అంటే లీటరుకు ఇరవైవేల చుక్కలు. రెండు సెకన్లకు ఒక చుక్క పడితే పదకొండు గంటల్లో సీసా ఖాళీ. పది సెకన్లకు ఒకటి పడేటట్టు చేస్తే రెండు రోజులు దాటుతుంది. కాబట్టి ఊరెళ్ళే రోజున కాదు, రెండు రోజుల ముందే కట్టి లెక్క చూసుకోండి. ఇంత అవస్థ ఎందుకనుకుంటే, నూలువత్తి ఒక కొస నీళ్ళ సీసాలో, ఒక కొస కుండీ మట్టిలో పాతి పెట్టినా సరిపోతుంది. దీపం వత్తి నూనె పీల్చినట్టే మట్టి నీళ్ళు పీల్చుకుంటుంది. పుదీనా, కొత్తిమీరకు ఇదే బాగుంటుంది.

మరొకటి పిల్లలకు భలే ఇష్టం. సీసా అడుగుకు రెండు వేళ్ళ పైన పక్కగోడకు ఒక్క బెజ్జం చెయ్యండి. వేలితో మూసి నీళ్ళు నింపి మూత బిగించండి. వేలు తీసినా నీళ్ళు రావు! మూత కొంచెం వదులు చేస్తే సన్నగా ధార పడుతుంది, బిగిస్తే ఆగిపోతుంది. పైనుంచి గాలి దూరితేనే కిందినుంచి నీళ్ళు వస్తాయి మరి. సీసా మెడకు తాడు కట్టి పెరట్లో కిటికీ ఊచకు వేలాడదీస్తే చేతులు కడుక్కునే కుళాయి. ఒక గ్లాసెడు నీళ్ళతో చేతులు శుభ్రమవుతాయి. బాగా తిప్పిన కుళాయి నిమిషానికి ఎంత పోస్తుందో మీరే ఒకసారి బకెట్ పెట్టి చూడండి, గుండె ఆగుతుంది.

ఇన్ని చెప్పాక కొన్ని జాగ్రత్తలు చెప్పకపోతే తప్పవుతుంది. మొదటిది దోమలు. కోసిన సీసాలు డాబా మీద వదిలేస్తే వానకు నీళ్ళు నిలుస్తాయి. డెంగ్యూ దోమకు మురికి కాలువ అక్కరలేదు, సీసా మూతలో నిలిచిన మంచినీళ్ళు చాలు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. పదునైన లెక్క ఏమిటంటే, వారానికి ఒకసారి ఒంపేస్తే దోమ పుట్టదు. 2020లో మన పురపాలక శాఖవారు "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని ప్రచారం చేసింది ఇందుకే. చెరువుల పక్కన కాపురముండే మాకు ఈ మాట మరీ ముఖ్యం. కాబట్టి మొక్కలకు వాడే ప్రతి సీసాకూ అడుగున చిల్లులు పెట్టండి. వత్తి పెట్టే నీళ్ళ సీసాకు మూతి చుట్టూ గుడ్డ కట్టండి.

రెండోది, తాగేనీళ్ళకు ఇవే సీసాలను నెలల తరబడి వాడడం. ఇది నాకు నచ్చదు. సన్నని మెడలోంచి బ్రష్షు దూరదు, లోపల నాచు జారుడు పడుతుంది. ఎండలో కారులో పెడితే వేడెక్కుతుంది. ఫ్రిజ్‌లో వరసగా పెట్టుకోవడానికి స్టీలు సీసాలో, గాజు సీసాలో నాలుగు కొనుక్కోండి, తరతరాలు ఉంటాయి. మంచినీళ్ళ సీసా మీద "వాడిన తర్వాత నలిపివేయండి" అని అర్థమిచ్చే మాట ఇంగ్లీషులో ఉంటుంది చూడండి. నలపకుండా పారేస్తే ఎవరో ఏ కుళాయినీళ్ళో నింపి మళ్ళీ అమ్ముతారని భయం. మీకు పని లేని సీసా అయితే తప్పకుండా నలిపి, మూత పెట్టి, పొడిచెత్తలో వెయ్యండి. చోటూ కలిసివస్తుంది.

మూడోది అన్నిటికన్నా పెద్దది. చెప్పడానికి ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

నాలుగేళ్ళ కిందట వేసవిలో మా ఆడపడుచు పిల్లలతో వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు వీధిలో సైకిలు మీద యాసిడ్, ఫినాయిల్ అమ్మే అతను వచ్చాడు. వాళ్ళ దగ్గర ఏ సీసా దొరికితే అందులో పోసి ఇస్తారు, మీకు తెలుసు. నేను కూడా పొదుపు మనిషిని కదా, ఇంట్లోంచే ఖాళీ మంచినీళ్ళ సీసా తీసుకెళ్ళి బాత్‌రూములు కడిగే యాసిడ్ పోయించుకున్నాను. తెచ్చి పెరటి కిటికీ గట్టు మీద పెట్టాను. కంపెనీ కాగితం కూడా ఊడదియ్యలేదు. అందులో ఉన్నది నీళ్ళలాగే కనిపిస్తుంది.

మా మేనల్లుడికి ఏడేళ్ళు. మధ్యాహ్నం ఎండలో ఆడి ఆడి పెరటి తలుపులోంచి వచ్చాడు. నేను వంటింట్లో మామిడికాయ తరుగుతున్నాను. కిటికీలోంచి వాడి చెయ్యి గట్టు మీదికి రావడం చూశాను. మూత తిప్పుతున్నాడు. "ఒరేయ్!" అని నేనరిచిన అరుపుకు వాడు ఉలిక్కిపడి సీసా వదిలేశాడు. అప్పటికే మూతికి ఆనించాడు. కింది పెదవి మీద ఒక్క చుక్క పడింది. నేల మీద పడ్డది బుసబుసా పొంగింది. బండ ఆ చోట తెల్లబడిపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది. కుళాయి కింద వాడి మూతి పెట్టి కడిగాం, నోరు పుక్కిలింపించాం, డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. మింగలేదు గనుక బతికిపోయాం. పెదవి మీద మచ్చ రెండు నెలలకు తగ్గింది. మా ఆడపడుచు నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

డాక్టరుగారు చెప్పినవి మీకూ చెప్తాను. యాసిడ్‌లాంటిది మింగితే వాంతి చేయించకూడదు. లోపలికి వెళ్ళేటప్పుడు కాల్చింది పైకి వచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. ఉప్పునీళ్ళు తాగించడం, గొంతులో వేలు పెట్టడం చెయ్యకండి. నోరు నీళ్ళతో పుక్కిలింపించి, వెంటనే 108కి ఫోను చెయ్యండి, లేదా దగ్గర ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏం తాగారో ఆ సీసాను వెంట తీసుకెళ్ళండి, డాక్టరుకు అదే మొదటి ఆధారం.

పిల్లలకు చదువు రాకముందే తెలిసేది సీసా ఆకారం. ఆ ఆకారంలో ఉన్నది నీళ్ళని వాళ్ళ లెక్క. చీటీ అంటించాంలే అనుకోకండి, దాహమేసినవాడు చీటీ చదవడు. కళ్ళు సరిగా కనిపించని అత్తగారూ మామగారూ కూడా చదవరు. యాసిడ్, ఫినాయిల్, బట్టలకు వేసే బ్లీచింగు ద్రావకం, పెయింట్లలో కలిపే టర్పెంటైను, మొక్కలకు కొట్టే పురుగుమందు ఏదైనా సరే, అది వచ్చిన సీసాలోనే ఉండాలి, చెయ్యి అందని ఎత్తులో ఉండాలి. విడిగా పోసి అమ్మేవి అసలు కొనకండి. ఇటువైపునుంచి అటు కూడా అంతే. ఫినాయిల్ వచ్చిన సీసా ఎంత కడిగినా తినే వస్తువుకు పనికిరాదు. నేను దాన్ని గరాటుగా కూడా కొయ్యను, నేరుగా పొడిచెత్తలోకే.

మా పెరటి గట్టు మీద ఇప్పుడు ఏ సీసా పెట్టడం లేదు. పైన ఊచకు ఆ చేతులు కడుక్కునే సీసా వేలాడుతూ ఉంటుంది. మొన్న దసరాకు మేనల్లుడు వచ్చాడు, పొడుగయ్యాడు, మీసకట్టు కూడా వచ్చేలా ఉంది. దాని మూత వదులు చెయ్యబోయి ఆగి, ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "అత్తయ్యా, ఇవి నీళ్ళేనా?" అని అడిగి, నేను అవునన్న తర్వాతే చెయ్యి పెట్టాడు.